హిసార్లిక్ దిబ్బలో ట్రాయ్ యుద్ధం ఏ పొరలో ఉంది?

టర్కీ వాయవ్య మూలన, డార్డనెల్స్ జలసంధికి కొద్ది కిలోమీటర్ల దక్షిణంగా, హిసార్లిక్ అనే మట్టిదిబ్బ ఉంది. పైభాగం సుమారు 200 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు. తెలుగు పల్లెల్లో పాటిదిబ్బ అంటారే, అలాంటిదే. పచ్చి ఇటుకల ఇల్లు కూలిపోతే ఆ మట్టిని ఎవరూ మోసుకుపోరు. దాన్నే చదును చేసి పైన కొత్త ఇల్లు కడతారు. కింద రాతి పునాదులు, కుండపెంకులు, పొయ్యి బూడిద, ఎముకలు ఉండిపోతాయి. క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచి రోమన్ల కాలం దాకా ఇలా ఒకదానిపై ఒకటి లేచిన ఊళ్లను తవ్వకందార్లు తొమ్మిది పెద్ద పొరలుగా విడదీశారు. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ కావ్యంలో పాడిన ట్రాయ్ యుద్ధం, అంటే గ్రీకులు ఓడల్లో వచ్చి ట్రాయ్ నగరాన్ని పదేళ్లు ముట్టడించారనే యుద్ధం, నిజంగా జరిగిందా అని అడిగేవాళ్లకు ఈ దిబ్బ వేసే మొదటి ప్రశ్న ఒకటుంది: ఏ పొరలో వెతుకుతున్నారు?

ఆ ప్రశ్న వేసుకోకుండా తవ్వినందుకు జరిగిన నష్టం ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. ఫ్రాంక్ కాల్వర్ట్ కుటుంబం డార్డనెల్స్ తీరంలో స్థిరపడిన ఇంగ్లిష్ కుటుంబం. ఈ దిబ్బలో కొంత భాగం ఆయనదే. 1860లలోనే అక్కడక్కడ గుంటలు తవ్వి చూశాడు గానీ డబ్బు చాలలేదు. ట్రాయ్‌ను వెతుక్కుంటూ 1868లో వచ్చిన జర్మన్ వ్యాపారి హైన్రిక్ ష్లీమన్‌కు దారి చూపింది కూడా ఆయనే. హోమర్ పాడిన నగరం చాలా పాతది కాబట్టి అట్టడుగున ఉండాలని ష్లీమన్ లెక్క వేశాడు. 1871 నుంచి 1873 వరకు వందమందికి పైగా కూలీలను పెట్టి దిబ్బను ఉత్తరం నుంచి దక్షిణానికి చీల్చాడు. సుమారు 40 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల లోతున్న ఆ కోతలో అడ్డొచ్చిన గోడలన్నీ పడగొట్టించాడు. 1873 మేలో రెండో పొరలో బంగారు తలకట్లు, వేల పూసలు దొరికాయి. ఇది కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియామ్ నిధి అని ప్రకటించాడు. ఆ నగలు క్రీ.పూ. 2400 ప్రాంతానివి. ట్రాయ్ యుద్ధం జరిగి ఉంటే, దానికి వెయ్యేళ్లకు పైగా ముందువి. 1945లో బెర్లిన్ నుంచి మాస్కోకు తరలిపోయి ఇప్పుడు పుష్కిన్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన వెతుకుతున్న కాలపు గోడలు మాత్రం పై పొరల్లో ఉన్నాయి. వాటిలో ఎన్నో ఆయన కూలీల పారల కిందే పోయాయి.

తప్పంతా ష్లీమన్‌దే అనడం అన్యాయం. ఆయనకు రెండు వేల ఏళ్ల ముందే గ్రీకులు, రోమన్లు అక్కడ అథీనా గుడి కట్టడానికి దిబ్బ నడినెత్తిని గీకి చదును చేశారు. ఆరో, ఏడో పొరల్లో రాజభవనం ఉండాల్సిన చోటు సరిగ్గా అదే. ట్రాయ్ రాజుల కార్యాలయం గానీ, మట్టిపలకలు దాచిన గది గానీ దొరకకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మిగిలింది అంచులే.

ఆ అంచుల్లోనే అసలు సంగతి బయటపడింది. ష్లీమన్ చనిపోయిన 1890లోనే ఆరో పొరలో, కంచుయుగంలో గ్రీసును ఏలిన మైసీనియన్ గ్రీకుల శైలి కుండపెంకులు దొరికాయి. ఆయన సహచరుడు విల్‌హెల్మ్ డోర్ప్‌ఫెల్డ్ 1893, 94లలో ఆ పొర కోటగోడను వెలికితీశాడు. చెక్కిన సున్నపురాతి గోడ నాలుగైదు మీటర్ల మందం. దాని మీద ఒకప్పుడు పచ్చి ఇటుకల గోడ ఉండేది. కింది భాగం నిటారుగా ఉండదు, లోపలికి వాలి ఉంటుంది. ఇలియడ్‌లో గ్రీకు వీరుడు పెట్రోక్లస్ మూడుసార్లు గోడ మూలను పట్టుకుని ఎక్కబోయాడని ఉంది. ఈ వాలు చూసినవాళ్లకు అది గుర్తు రాక మానదు. అత్తిచెట్టు దగ్గర గోడ ఎక్కడానికి అనువుగా ఉంటుందని అదే కావ్యంలో ఆండ్రోమకి తన భర్త, ట్రాయ్ సేనాని హెక్టర్‌ను హెచ్చరిస్తుంది. పడమటి వైపు ఒక ముక్క మాత్రం పాత పద్ధతిలో, నాసిగా వదిలేసి ఉండడం డోర్ప్‌ఫెల్డ్ గమనించాడు. ఇలాంటి పోలికలు ఆనందం కలిగిస్తాయి. సాక్ష్యంగా నిలబడవు. ఏ పాత కోటకైనా ఒక బలహీనమైన మూల ఉంటుంది.

పొరకు కాలం కట్టేది ప్రధానంగా కుండలతో. గ్రీసు నుంచి ఓడల్లో తిరిగిన మైసీనియన్ జాడీల ఆకారం, గీతలు కొన్ని దశాబ్దాలకొకసారి మారుతూ వచ్చాయి. అవే జాడీల ముక్కలు ఈజిప్టులో అఖెనాటెన్ రాజధాని అమర్నాలో దొరికాయి. ఆ ఊరు నడిచిన కాలం తెలుసు కాబట్టి ఆ శైలికి తేదీ పడింది. అక్కడి నుంచి గొలుసు కట్టుకుంటూ పోవాలి. చిక్కేమిటంటే ట్రాయ్‌లో దొరికే పెంకుల్లో గ్రీసు నుంచి వచ్చినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం స్థానికపు బూడిదరంగు కుండలు, గ్రీకు జాడీలకు స్థానికంగా చేసిన నకళ్లు. నకలు తయారైన కాలాన్ని అసలు శైలితో కొలిస్తే కొన్ని దశాబ్దాలు అటూఇటూ అవుతాయి. 1932 నుంచి 1938 దాకా తవ్విన అమెరికన్ పురావస్తువేత్త కార్ల్ బ్లేగన్ ఏడో పొర తొలి దశ క్రీ.పూ. 1240 ప్రాంతంలో ముగిసిందన్నాడు. కుండలను మళ్లీ పరిశీలించాక ఇప్పుడు ఎక్కువమంది 1180 దగ్గర పెడుతున్నారు. అరవై ఏళ్లే కదా అనిపిస్తుంది. ఈ కథలో ఆ అరవై ఏళ్లే కీలకం.

డోర్ప్‌ఫెల్డ్ దృష్టిలో హోమర్ ట్రాయ్ అంటే ఆరో పొర, ఆ గంభీరమైన గోడల నగరం. బ్లేగన్ ఒప్పుకోలేదు. క్రీ.పూ. 1300 ప్రాంతంలో ఆరో పొర కూలిన తీరు భూకంపానిది అన్నాడు: గోడలు బీటలు వారి ఒరిగాయి, పునాదులు జారాయి, దాడికి గుర్తులు లేవు. బతికిన జనం అదే గోడలను బాగుచేసుకుని కోట లోపలే ఇళ్లు కట్టుకున్నారు. వెనకటి పెద్ద భవనాల మధ్య ఖాళీల్లో చిన్న చిన్న గదులు ఒకదాన్నొకటి ఆనుకుని లేచాయి. గదుల నేలలో పెద్ద కాగులను మెడదాకా పాతి పైన రాతి మూతలు పెట్టారు. ఇదే ఏడో పొర తొలి దశ. ఇది మంటల్లో పోయింది. వీధుల్లో మనుషుల ఎముకల ముక్కలు, బాణపు ములుకులు దొరికాయి. తర్వాతి తవ్వకాల్లో వడిసెల రాళ్ల కుప్పలూ కనిపించాయి. కోటవాళ్లే గెలిచి ఉంటే విసరని రాళ్లను ఏరి పారేసేవాళ్లు గదా, కాబట్టి వాళ్లు ఓడారు అనే వాదన ఒకటుంది, అది సబబుగానే ఉంది. కాగుల మీద బ్లేగన్ చేసిన వ్యాఖ్యానం అంత గట్టిది కాదు. ముట్టడికి భయపడి ధాన్యం దాచుకున్నారు అన్నాడు. భూకంపం తర్వాత రాజుగారి గిడ్డంగి లేకుండా పోయిన ఊళ్లో ఎవరి తిండి వాళ్లు ఇంట్లో దాచుకోవడం కూడా సహజమే.

1988 నుంచి తవ్విన మాన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మన్ దిబ్బ మీద కన్నా దిబ్బ కింద చూశాడు. నేలలోని అయస్కాంత తేడాలను కొలిచే పరికరంతో దక్షిణపు పొలాలను గాలించారు. కాలిన ఇటుక, పూడికమట్టి చుట్టుపక్కల నేలకన్నా ఎక్కువ అయస్కాంతత్వం చూపిస్తాయి. కోటకు దాదాపు 400 మీటర్ల దూరంలో పొడవైన చార కనిపించింది. మొదట దాన్ని కాలిన కోటగోడ అనుకున్నారు. తవ్వి చూస్తే గోడ కాదు, రాతిలో తొలిచిన అగడ్త, మట్టితో పూడిపోయింది. మూడు నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోపు లోతు. రథాలను ఆపడానికి చాలుతుంది. అంటే కోట కింద పెద్ద ఊరు ఉందని, అయిదు నుంచి పదివేల మంది ఉండేవారని కోర్ఫ్‌మన్ అంచనా వేశాడు. కోర్ఫ్‌మన్ పనిచేసే ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న చరిత్రకారుడు ఫ్రాంక్ కోల్బ్ 2001లో ఇది అతిశయోక్తి అని బహిరంగంగానే ఎదురుతిరిగాడు. దిగువ ఊరు ఉందన్న సంగతి నిలబడింది. జనాభా అంకెను మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి. తవ్విన భాగం చాలా తక్కువ.

ఇక్కడిదాకా వచ్చినా ఈ ఊరి పేరేమిటో మట్టి చెప్పదు. పేరు చెప్పినవి అక్కడికి దాదాపు 700 కిలోమీటర్ల తూర్పున, నేటి టర్కీ నడిభాగం నుంచి ఏలిన హిట్టైట్ల రాజధాని హత్తుషాలో 1906 నుంచి బయటపడ్డ మట్టిపలకలు. వాటిలో పడమటి అంచున విలుసా అనే రాజ్యం, సముద్రం వైపు అహ్హియావా అనే రాజ్యం పదేపదే వస్తాయి. విలుసా అంటే ఇలియోస్, అంటే ట్రాయ్‌కి హోమర్ వాడిన రెండో పేరు అనీ, అహ్హియావా అంటే హోమర్ గ్రీకులను పిలిచిన అకాయులు అనీ 1924లో ఎమిల్ ఫోరర్ ప్రతిపాదించాడు.

విలుసా ఎక్కడ, ఇలియోస్ ఎక్కడ అనిపించవచ్చు. ఇక్కడ సంధి తెలిసిన తెలుగు పాఠకుడికి విషయం తేలిగ్గా అందుతుంది. రాముడు, అతడు కలిస్తే రాముడతడు అవుతుంది. రాముడు పక్కన వచ్చె అని హల్లుతో మొదలయ్యే మాట ఉంటే సంధి లేదు. హోమర్ పద్యాల్లోనూ అచ్చుకు అచ్చు తగిలితే ఒకటి లోపించడం, కుదించుకుపోవడం మామూలు. ఇలియోస్ అనే మాట ముందు మాత్రం చాలాచోట్ల అలా జరగదు, అక్కడ కనపడని హల్లు ఏదో ఉన్నట్టే ఛందస్సు నడుస్తుంది. ఆ హల్లు వకారం. పాత గ్రీకులో విలియోస్ అనేవారు. హోమర్ మాండలికంలో ఆ ధ్వని నోటి నుంచి జారిపోయింది, గణాల్లో మాత్రం దాని చోటు మిగిలిపోయింది. విలియోస్ పక్కన విలుసాను పెట్టి చూడండి. నాకు ఈ మొత్తం వివాదంలో అన్నింటికన్నా అందమైన సాక్ష్యం ఇదే. ఎవరూ కావాలని దాచినది కాదు, కాబట్టి ఎవరూ కల్పించినదీ కాదు.

పేరు కలిస్తే చాలదు, చోటు కూడా కలవాలి. దశాబ్దాల పాటు విలుసాను ఎవరికి తోచినచోట వాళ్లు పెట్టారు. ఇజ్మీర్ సమీపంలోని కారాబెల్ కనుమలో రాతి మీద చెక్కిన శాసనాన్ని 1998లో డేవిడ్ హాకిన్స్ చదివి, అది మీరా రాజ్యపు రాజు తర్కస్నవదని తేల్చాడు. మీరా ఎక్కడుందో స్థిరపడేసరికి చుట్టుపక్కల రాజ్యాలు వాటి వాటి చోట్లలో సర్దుకున్నాయి. విలుసాకు మిగిలింది వాయవ్య మూలే.

క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ చక్రవర్తి రెండో మువత్తల్లి విలుసా రాజుతో చేసుకున్న ఒప్పందం దొరికింది. ఆ రాజు పేరు అలక్‌సందు. ఇలియడ్‌లో హెలెన్‌ను తెచ్చుకున్న పారిస్‌కు రెండో పేరు అలెగ్జాండ్రోస్. చక్రవర్తి యుద్ధాలకు అలక్‌సందు సైన్యం పంపాలి, పలకను ఏడాదికి మూడుసార్లు అతనికి చదివి వినిపించాలి. సాక్షులుగా పిలిచిన విలుసా దేవతల్లో ఒకరి పేరు అప్పలియునా అని కనిపిస్తుంది. అది అపోలో కావచ్చు. ట్రాయ్ పక్షాన నిలిచిన దేవుడు అపోలో. నేలకింది నీటిదారి కూడా ఆ దేవతల జాబితాలో ఉంది. హిసార్లిక్ దిగువ ఊళ్లో రాతిని తొలిచిన నీటి సొరంగాన్ని కోర్ఫ్‌మన్ బృందం 1997లో గుర్తించింది. ఒప్పందంలోని అలక్‌సందు పారిస్ అని మాత్రం అనలేం. గ్రీకు పేరున్న రాజు ఒకరు ఆ మూల ఏలాడన్నంతవరకే.

మరో పలక తవగలవ లేఖ. సుమారు 1250 నాటిది. బహుశా మూడో హత్తుసిలి రాయించినది, మూడో పలక మాత్రమే మిగిలింది. అహ్హియావా రాజును అందులో సోదరా అని సంబోధిస్తాడు. రాజులు తమతో సమానులైన పెద్ద రాజులను అలా పిలిచేవారు. హిట్టైట్ల మీద తిరగబడి పడమటి తీరమంతా అల్లరి చేస్తున్న పియమరదు అనేవాడికి మీరు ఆశ్రయమిస్తున్నారని ఫిర్యాదు. ఆ మధ్యలోనే, విలుసా విషయంలో మన మధ్య ఉన్న వైరం తీరిపోయింది అనే మాట వస్తుంది. ఆ మాటకు యుద్ధమనీ అర్థం చెప్పవచ్చు, తగవనీ చెప్పవచ్చు. ఒక హిట్టైట్ చక్రవర్తి, ఒక గ్రీకు రాజు ట్రాయ్ గురించి తగువు పడ్డారన్నది మాత్రం ఇప్పుడు కథ కాదు, దస్తావేజు. ఇంకో లేఖలో విలుసా రాజు వల్మును ఎవరో గద్దె దింపేశారు, హిట్టైట్ రాజు అతణ్ని మళ్లీ ఎక్కించే ఏర్పాట్లలో ఉన్నాడు. ఇంకా వెనక్కి పోతే 1400 ప్రాంతంలోనే అస్సువా అనే 22 నాడుల కూటమి హిట్టైట్లతో పోరాడి ఓడింది. ఆ జాబితా చివర విలుసియా, ట్రాయ్ పేరును తలపించే తరుయిసా కనిపిస్తాయి. అంటే ఆ చోట పోట్లాట ఒక్కసారి కాదు, రెండు వందల ఏళ్లకు పైగా సాగింది.

ఇప్పుడు కావ్యం చెప్పే సైన్యాన్ని లెక్కకడదాం. ఇలియడ్ రెండో సర్గలో 29 దళాలు, 1186 ఓడలు. బియోషియన్ల ఓడకు 120 మంది, ఫిలోక్టెటీస్ ఓడకు 50 మంది అని ఉంది. క్రీ.పూ. ఐదో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ ఈ రెండింటినీ పెద్ద, చిన్న ఓడల హద్దులుగా తీసుకుని సగటు చూడమన్నాడు. 85 చొప్పున లక్షా 810 మంది. మనిషికి రోజుకు కిలో ధాన్యం అనుకున్నా రోజుకు 100 టన్నులు, ఏడాదికి 36 వేల టన్నులకు పైన. ఒక్కో ఓడకు అయిదు మీటర్ల చోటు ఇచ్చి ఒక వరసలో ఒడ్డుకు లాగితే ఆరు కిలోమీటర్ల తీరం కావాలి. తిండి సమకూర్చుకోవడానికే సైన్యంలో కొంత భాగం వ్యవసాయానికీ దోపిడీకీ చెదిరిపోయిందని, అందుకే పదేళ్లు పట్టిందని థుసిడిడీస్ వాదించాడు. పదేళ్ల మాటను నమ్మకపోయినా ఆ ఆలోచన సరైనది.

సైన్యం అసలు పరిమాణం ఎంతుండేదో గ్రీకు మట్టిపలకలే చెబుతాయి. మైసీనియన్ గ్రీకులు వాడిన లీనియర్ బి లిపిని మైకేల్ వెంట్రిస్ 1952లో ఛేదించాక దక్షిణ గ్రీసులోని పైలోస్ రాజభవనం లెక్కలు చదవగలిగాం. అక్కడి ఒక పలకలో తెడ్లు వేసేవాళ్ల జాబితా ఉంది, మొత్తం సుమారు 600 మంది. 50 తెడ్ల ఓడలైతే పన్నెండు, 30 తెడ్లవైతే ఇరవై. హోమర్ పైలోస్ రాజు నెస్టర్‌కు ఇచ్చినవి 90.

అలాగని కావ్యమంతా హోమర్ కాలపు ఊహ అనీ అనలేం. పదో సర్గలో ఒడిస్సియస్ పెట్టుకునే శిరస్త్రాణం చూడండి. అడవిపంది కోరలను నిలువునా చీల్చి, అంచుల్లో రంధ్రాలు చేసి, తోలు టోపీ మీద వరసలుగా, ఒక వరస వంపు ఇటు ఉంటే పై వరస వంపు అటు వచ్చేలా కుడతారు. ఒక్కదానికి కనీసం 30 పందులైనా కావాలి. గ్రీకు సమాధుల్లో ఇవి దొరికాయి, 1960లో డెండ్రాలో కంచు కవచంతో పాటు ఒకటి బయటపడింది. హోమర్ కాలం క్రీ.పూ. ఎనిమిది, ఏడు శతాబ్దాలు. అప్పటికి ఈ టోపీ వాడుకలోంచి పోయి కొన్ని వందల ఏళ్లు. అజాక్స్ మోసే బురుజంత డాలు ఇంకా పాతది, మైసీనీలో క్రీ.పూ. 16వ శతాబ్దపు బాకు మీద బొమ్మగా ఉంది. అది ట్రాయ్ యుద్ధానికీ ముందటి కాలం. మరోవైపు రథాల సంగతి వచ్చేసరికి పాటగాళ్లకు జ్ఞాపకం చెదిరింది. హిట్టైట్లు రథాలను గుంపులుగా శత్రువుల మీదికి తోలేవారు. హోమర్ వీరులు రథమెక్కి యుద్ధరంగానికి వచ్చి, దిగి, నేల మీద కొట్టుకుంటారు. చనిపోయినవాళ్లను మైసీనియన్లు ఎక్కువగా పాతిపెట్టేవారు, హోమర్ వీరులను దహనం చేస్తారు. నోటి నుంచి నోటికి పాట నడిచినప్పుడు వస్తువు పేరు ఛందస్సులో ఇరుక్కుని మిగులుతుంది, దాన్ని వాడే తీరు మాత్రం పాడేవాడి కాలానికి మారిపోతుంది.

కొయ్యగుర్రం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఇలియడ్‌లో అది లేదు, ఒడిస్సీలో ఉంది. ముట్టడి యంత్రమనీ, భూకంపాల దేవుడైన పొసైడన్‌కు గుర్రం ప్రియం కాబట్టి భూకంపానికి గుర్తనీ చెప్పే వివరణలు ఊహలే.

అసలు చిక్కు కాలంలో ఉంది. విలుసా గురించి చక్రవర్తితో తగువు పడగల అహ్హియావా రాజు 1250 ప్రాంతంలో ఉన్నాడు. ఆ కాలంలో హిసార్లిక్‌లో తగలబడిన పొర లేదు, ఉన్నది 1300 నాటి భూకంపం. తగలబడిన పొర 1180 నాటిది. అప్పటికి మైసీనీ, పైలోస్ భవనాలే కాలిపోతున్నాయి, హత్తుషా ఖాళీ అయింది, పెద్ద నౌకాదళాన్ని కూడగట్టే రాజు గ్రీసులో మిగల్లేదు. యుద్ధం చేయగలవాళ్లున్నప్పుడు మంట లేదు, మంట ఉన్నప్పుడు యుద్ధం చేయగలవాళ్లు లేరు. క్రీ.పూ. మూడో శతాబ్దపు పండితుడు ఎరటోస్తనీస్ ట్రాయ్ పతనానికి 1184 అని తేదీ కట్టాడు. అది కాలిన పొరకు దగ్గరగా ఉండడం చూసి మురిసిపోకూడదు, ఆయన లెక్కకు ఆధారం పాత రాజుల వంశావళులు. 1180లో ఊరిని కాల్చింది గ్రీకులేనా అన్నదీ తేలలేదు. ఆ తర్వాత వచ్చిన పొరల్లో చేత్తో చేసిన ముతక కుండలు, బొడిపెలున్న కుండలు కనిపిస్తాయి. వాటి పోలికలు బాల్కన్ వైపు ఉన్నాయి. కాబట్టి ఒక మహాయుద్ధం కన్నా, ఓ చిన్న దళం దాడి, ఒక రాజు గద్దె దిగడం, ఒక భూకంపం, చివరి మంట, ఇలా రెండు వందల ఏళ్ల సంఘటనలు ఒకే పాటలోకి చేరాయన్నదే ఉన్న సాక్ష్యాలకు సరిపోయే వివరణ.

ఆ చోటే ఎందుకు అన్నదానికి జవాబు గాలిలో ఉంది. వేసవంతా ఈశాన్యపు గాలి డార్డనెల్స్ లోంచి బయటికి వీస్తుంది, నీటి ప్రవాహమూ అదే దిక్కు. ఎదురుగాలికి ఓరగా నడవలేని చదరపు తెరచాప ఓడలు నల్లసముద్రం వైపు పోవాలంటే గాలి మారేదాకా ఆగాలి. హిసార్లిక్‌కు నైరుతిన ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని బెషిక్ తీరం అందుకు అనువైనది. హోమర్ ఇలియోస్‌కు గాలులు వీచే ఊరని ఊరికే విశేషణం పెట్టలేదు.

దళాలు వచ్చి ఏం పట్టుకుపోయేవో కూడా పైలోస్ పలకల్లో రాసి ఉంది. ఇలియడ్ మొదటి సర్గలో పూజారి క్రైసెస్ కూతుర్ని విడిపించుకోవడానికి వస్తే గ్రీకుల సేనాధిపతి అగమెమ్నాన్ కసురుతాడు: ఆమె నా ఇంటికి, ఆర్గోస్‌కు వచ్చి, పుట్టింటికి దూరంగా, మగ్గం ముందు నడుస్తూ ముసలిదవుతుంది. పైలోస్ భవనం కింద వందలమంది ఆడవాళ్లు నూలు వడుకుతూ, బట్ట నేస్తూ ఉండేవారు. వాళ్లను లెక్కల్లో ఊరి పేర్లతో రాశారు: లెమ్నోస్ వాళ్లు, మిలెటస్ వాళ్లు, క్నిడోస్ వాళ్లు, ఆసియా వాళ్లు. అన్నీ ఏజియన్ సముద్రపు తూర్పు ఊళ్లే. గోధుమలు, అత్తిపండ్లు వాళ్లకు నెలసరి కూలి. భవనం తగలబడినప్పుడు ఆ పచ్చిమట్టి పలకలు కాలి గట్టిపడ్డాయి, అందుకే మిగిలాయి. వాటిలో ఒకదాని మీద ఇలా ఉంది: క్నిడోస్ స్త్రీలు 21, ఆడపిల్లలు 12, మగపిల్లలు 10.